స్టార్‌కి ఈవారం సెలవు!

జట్టులోకెల్లా గొప్ప ఆటగాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి మ్యాచ్‌కి దిగితే... గెలిచినప్పుడు కోచ్ మేధావి, ఓడినప్పుడు తిక్కమనిషి. ఏడాదికి అరవై దాకా మ్యాచ్‌లాడే ఐరోపా ఫుట్‌బాల్ క్లబ్బులకి ఈ తలనొప్పి మూడు నాలుగు రోజులకోసారి తప్పదు. ఆడించాలా... ఆపాలా?

2004 మార్చి మొదటివారం. స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్ అభిమానుల సంబరం అంతా ఇంతా కాదు. లీగ్ పట్టికలో తమ జట్టుదే అగ్రస్థానం. దేశవాళీ కప్పు కోపా దెల్ రేలో ఫైనల్ చేరింది. ఛాంపియన్స్ లీగ్‌లోనూ బరిలో ఉంది. ఇక మైదానంలోకి చూస్తే... జిదాన్, ఫిగో, రౌల్, బ్రెజిల్ రొనాల్డో, బెక్‌హామ్, రాబర్టో కార్లోస్. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లని ఏరి ఏరి అందరికీ ఒకే చొక్కా తొడిగినట్టుండేది ఆ జట్టు. మూడు కప్పులూ ఇంటికొచ్చేస్తాయనిపించింది.

ఒక్కటీ రాలేదు!

మార్చి 17న కోపా ఫైనల్లో జరగోజా చేతిలో 3-2తో ఓటమి. ఏప్రిల్ 6న మొనాకో దెబ్బకి ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటికి. లీగ్‌లోనైనా పరువు దక్కుతుందనుకుంటే... ఆఖరి అయిదు మ్యాచ్‌లూ వరసగా ఓడి నాలుగో స్థానంలో తేలింది.

ఈ పతనానికి నిపుణులు చాలా కారణాలే చెప్పారు. రక్షణశ్రేణికి ముందు గోడలా నిలబడే మకెలెలేని చెల్సీకి అమ్మేయడం అందులో పెద్దది. కానీ ఎవరికైనా కనిపించే కారణం బెంచీ. అప్పటి క్లబ్ అధ్యక్షుడు ఫ్లోరెంతినో పెరెజ్ విధానానికి 'జిదాన్‌లూ-పవోన్‌లూ' అని పేరు. కోట్లు పోసి కొన్న జిదాన్ లాంటి తారలు ఒక పక్క. క్లబ్ అకాడమీలోనే పెరిగిన పవోన్ లాంటి కుర్రాళ్లు ఇంకో పక్క. మరి తారకి కాలు నొప్పెడితే ఆ పూటకి పని నడిపించే మధ్యతరగతి ఏది? అదే కరవు. మొరియెంతెస్ లాంటి సీనియర్ స్ట్రైకర్ ఉన్నా, అతణ్ని మొనాకోకి అరువిచ్చారు. ఏప్రిల్ 6న రియల్‌ని ఇంటికి పంపిన గోల్స్‌లో ఒకటి అతడు కొట్టిందే!

ఆ ఏడాది స్పెయిన్ లీగ్ గెలిచింది వలెన్సియా. దాని కోచ్ రఫెల్ బెనితెజ్ ఇవాళ ఆడినవాడు రేపు ఆడతాడన్న నమ్మకం ఎవరికీ ఇవ్వని మనిషి. లీగ్‌తోపాటు యూఈఎఫ్‌ఏ కప్పునీ పట్టుకుపోయాడు.

ఓడిన మాడ్రిడ్ జట్టులో ఉన్న జిదాన్ ఆ వసంతాన్ని మర్చిపోలేదనుకోవాలి. పదమూడేళ్ల తర్వాత అదే క్లబ్బుకి కోచ్‌గా ఆయన చేసిన పని చూస్తే అలాగే అనిపిస్తుంది. ఆ కథ దగ్గరికి వెళ్లేముందు ఈ గొడవ అసలెందుకొచ్చిందో చూడాలి.

పద్నాలుగు మందితో కప్పు

శని, ఆదివారాల్లో లీగ్. మంగళ, బుధవారాల్లో ఛాంపియన్స్ లీగ్. సందు దొరికితే దేశవాళీ కప్పులు. వీటి నడుమ సొంత దేశం తరఫున మ్యాచ్‌లు. ఇంగ్లండ్‌లో ఒక్క లీగ్‌కే 38 మ్యాచ్‌లాడాలి. అన్ని పోటీల్లోనూ చివరిదాకా వెళ్లిన క్లబ్ లెక్క అరవై దాటుతుంది. మైదానంలో ఉండేది 11 మందే. అందుకని పాతిక మందిని పెట్టుకుని, మ్యాచ్‌ని బట్టి కొందరిని ఆపి కొందరిని దించుతుంటారు. దీన్నే స్క్వాడ్ రొటేషన్ అంటారు. మన క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్‌కి ఓ టెస్టు విశ్రాంతి ఇస్తారే... అలాంటిదే. కాకపోతే ఇక్కడ సిరీస్ గెలిచాక ఇచ్చే తీరిక విశ్రాంతి కుదరదు. ఒక డ్రా అయినా రెండు పాయింట్లు పోయినట్టే.

ఒకప్పుడు ఈ ఆలోచనే లేదు. 1980-81లో ఆస్టన్ విల్లా ఇంగ్లండ్ లీగ్ గెలిచినప్పుడు 42 మ్యాచ్‌ల్లో మొత్తం వాడుకున్నది 14 మందిని! వాళ్లలో ఏడుగురు ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఇప్పటి కోచ్‌లకి చెబితే కథ అనుకుంటారు. మరుసటి ఏడాది అదే విల్లా యూరోపియన్ కప్ ఫైనల్లో బయెర్న్ మ్యూనిక్‌ని ఢీకొంది. పది నిమిషాలు గడిచాయో లేదో గోల్‌కీపర్ రిమ్మర్ గాయంతో బయటికొచ్చాడు. బదులు వెళ్లిన నైజెల్ స్పింక్ అంతకుముందు క్లబ్ మొదటి జట్టుకి ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. బయెర్న్ దాడుల్ని ఆపి 1-0తో కప్పు అందించాడు. బెంచీ విలువ తెలియాలంటే అలాంటి రాత్రి ఒకటి చాలు.

అసలు బదులు ఆటగాడనే మాటే పాతకాలంలో లేదు. ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూట్లు వచ్చింది 1970లో. హైదరాబాద్ ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు... డిఫెండర్ జర్నైల్‌సింగ్ తలకి కుట్లతోనే ఆడాడు. రహీం అతణ్ని ముందు వరసకి పంపితే ఫైనల్లో గోల్ కూడా కొట్టాడు. ఇంగ్లండ్ లీగ్‌లో 1965లో ఒక్క సబ్‌స్టిట్యూట్‌ని అనుమతించారు. 1987లో ఇద్దరయ్యారు. తర్వాత ముగ్గురు. కరోనా తర్వాత అయిదుగురు. ఆట వేగం పెరిగేకొద్దీ బెంచీ పొడుగూ పెరిగింది.

కంటికి కనపడని అలసట

'కోట్లలో జీతాలు. వారానికి రెండుసార్లు గంటన్నర పరిగెత్తలేరా?' సగటు అభిమాని అడిగే ప్రశ్న ఇది. న్యాయంగానే కనిపిస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన క్రీడా శాస్త్రవేత్త గ్రెగరీ డ్యూపాంట్ బృందం సరిగ్గా ఈ సంగతే తేల్చాలనుకుంది. ఛాంపియన్స్ లీగ్ ఆడుతున్న ఓ క్లబ్‌లో 32 మంది ఆటగాళ్లని రెండు సీజన్లపాటు గమనించింది. వారానికి ఒక మ్యాచ్ ఆడినప్పుడూ, రెండు ఆడినప్పుడూ వాళ్లు మైదానంలో పరిగెత్తిన దూరాన్ని కొలిచింది. 2010లో వెలువడిన ఫలితాలు ఆశ్చర్యపరిచాయి. పరుగులో చెప్పుకోదగ్గ తేడా లేదు!

మరి తేడా ఎక్కడుంది? గాయాల్లో. వారానికి ఒక మ్యాచ్ ఆడినప్పుడు వెయ్యి గంటల ఆటకి 4.1 గాయాలైతే, రెండు ఆడినప్పుడు 25.6. ఆరు రెట్లు! అంటే ఆటగాడు ఎప్పట్లాగే పరిగెడుతుంటాడు. గ్యాలరీలోంచి చూసేవాళ్లకి అలసట కనపడదు. కోచ్‌కీ కనపడదు. తొడ వెనక కండరం పట్టేసినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

స్వీడన్ వైద్యుడు యాన్ ఎక్‌స్ట్రాండ్ ఐరోపా క్లబ్బుల గాయాల్ని 2001 నుంచీ లెక్కగడుతూ వచ్చారు. పాతిక మంది ఉన్న జట్టుకి ఒక సీజన్‌లో సుమారు 15 కండరాల గాయాలు ఖాయమంటాయి ఆయన లెక్కలు. 2002 ప్రపంచకప్ మీద ఆయన బృందం చేసిన పరిశీలన మరీ ఆసక్తికరం. ఐరోపా క్లబ్బుల నుంచి వెళ్లినవారిలో అంచనాలకి మించి రాణించినవాళ్లు ప్రపంచకప్‌కి ముందు పది వారాల్లో ఆడింది సగటున 9 మ్యాచ్‌లు. తేలిపోయినవాళ్లు ఆడింది 12.5. మూడున్నర మ్యాచ్‌ల తేడా!

ఆ ప్రపంచకప్‌లో అందరికన్నా విషాదంగా వెనుదిరిగిన ఆటగాడెవరు? మళ్లీ జిదానే. 2002 మే 15న రియల్ మాడ్రిడ్ తరఫున ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో గాల్లోనే బంతిని తన్ని చరిత్రలో నిలిచిపోయే గోల్ కొట్టాడు. పదకొండు రోజులకి దక్షిణ కొరియాతో సన్నాహక మ్యాచ్‌లో తొడ కండరం దెబ్బతింది. డిఫెండింగ్ ఛాంపియన్ ఫ్రాన్స్ అతడు లేకుండా మొదటి రెండు మ్యాచ్‌లాడింది. మూడోదానికి తొడకి కట్టు కట్టుకుని దిగాడు. లాభం లేకపోయింది. ఫ్రాన్స్ ఒక్క గోల్ అయినా కొట్టకుండా ఇంటిదారి పట్టింది.

మాట్లు వేసే మాస్టారు

ఆపడం వల్ల లాభముందని తేలింది కదా, మరి అందరూ ఆపొచ్చుగా? ఆపి దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. చెల్సీ కోచ్‌గా ఉన్నప్పుడు ఇటలీకి చెందిన క్లాడియో రనియేరికి ఇంగ్లిష్ పత్రికలు పెట్టిన పేరు 'టింకర్ మ్యాన్'. టింకర్ అంటే చిల్లుపడ్డ గిన్నెలకి మాట్లు వేసేవాడు. బాగున్నదాన్ని కూడా విప్పి బిగించే అలవాటున్నవాడని ఎత్తిపొడుపు.

రియల్‌ని ఓడించిన మొనాకోతోనే 2004 ఏప్రిల్ 20న చెల్సీ సెమీఫైనల్ ఆడింది. స్కోరు 1-1. రెండో సగం మొదలైన కాసేపటికి మొనాకో ఆటగాడొకరికి రెడ్ కార్డ్. చేతిలో 11 మంది, ఎదురుగా 10 మంది. అలా ఆడుకుంటూ పోయినా సరిపోయేది. కానీ రనియేరి ఊరుకోలేదు. డిఫెండర్‌ని తీసి స్ట్రైకర్‌ని దించాడు. మిడ్‌ఫీల్డర్‌ని తీసి డిఫెండర్‌ని దించాడు. ఎవరెక్కడ ఆడాలో వాళ్లకే తెలీని గందరగోళం. పదిమందే ఉన్న మొనాకో మరో రెండు గోల్స్ కొట్టి 3-1తో గెలిచింది. వాటిలో ఒకటి... మొరియెంతెస్‌దే! మే నెలాఖరుకి రనియేరి ఉద్యోగం పోయింది.

పన్నెండేళ్ల తర్వాత అదే రనియేరి లీస్టర్ సిటీతో అద్భుతం చేశాడు. 2015-16 సీజన్ ముందు ఆ జట్టు లీగ్ గెలుస్తుందని ఒక పౌండు కాస్తే అయిదువేల పౌండ్లిస్తామన్నారు పందెగాళ్లు. లీస్టర్ గెలిచింది. ఈసారి మాట్లేమీ వేయలేదు. ఆ ఏడాది లీగ్‌లో తుది పదకొండు మందిని అందరికన్నా తక్కువ మార్చిన జట్టు లీస్టరే. కెప్టెన్ వెస్ మోర్గాన్, గోల్‌కీపర్ ష్మైకేల్ ఒక్క నిమిషం కూడా మానలేదు.

రొటేషన్ దండగని వాదించేవాళ్లు ఈ కథని గొప్పగా చెబుతారు. కానీ ఒక సంగతి వదిలేస్తారు. లీస్టర్‌కి ఆ ఏడాది ఐరోపా పోటీలు లేవు. దేశవాళీ కప్పుల్లో తొందరగానే ఇంటికొచ్చింది. సీజన్ మొత్తానికి ఆడింది 43 మ్యాచ్‌లు. వారమంతా విశ్రాంతి దొరుకుతుంటే మనుషుల్ని మార్చడమెందుకు? మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్ ఆడాల్సొచ్చింది. లీగ్‌లో 12వ స్థానానికి పడిపోయింది. రనియేరిని ఫిబ్రవరిలోనే పంపేశారు.

అసలీ విషయంలో అంకెల్ని పట్టుకుని తీర్పు చెప్పడం కష్టం. ఎక్కువ మార్చిన జట్లు ఎక్కువ గెలిచాయనుకోండి... అవి ధనిక క్లబ్బులు కాబట్టి గెలిచాయా, మార్చినందుకు గెలిచాయా? ఎక్కువ మార్చి ఓడాయనుకోండి... మార్చినందుకు ఓడాయా, గాయాలతో మార్చక తప్పక ఓడాయా? పైగా తారల్ని ఆపేది చిన్న జట్లతో ఆడేటప్పుడే. వాటిపై ఎలాగూ గెలిచేవారేమో!

లివర్‌పూల్‌కి మారిన బెనితెజ్ 2006 శరదృతువు దాకా వరసగా 99 మ్యాచ్‌ల్లో, ముందు మ్యాచ్ ఆడిన జట్టునే యథాతథంగా దించిన పాపాన పోలేదు. మధ్యలో 2005లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. అప్పుడెవరూ ఏమీ అనలేదు. 2007 సెప్టెంబరులో కొత్తగా కొన్న టోరెస్‌ని పోర్ట్స్‌మత్ మ్యాచ్‌లో బెంచీకి పరిమితం చేసి 0-0తో వచ్చాడు. ఇక చూస్కోండి... ఊరంతా ఆయన మీదే పడింది. టోరెస్ ఆ సీజన్ లీగ్‌లో 24 గోల్స్ కొట్టాడు. విశ్రాంతి వల్లే కొట్టాడా, ఆపకపోతే ఇంకో నాలుగు కొట్టేవాడా? ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు.

ఎనిమిది రోజులు... మూడు మ్యాచ్‌లు

అయినా కొన్నిసార్లు లెక్క కళ్లముందే కనిపిస్తుంది. 1999 ఏప్రిల్ 14. మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆర్సెనల్‌తో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. అప్పటికే ఓసారి ఆడి డ్రా చేసుకున్నాయి. కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ వారంలో రాబోయే యువెంటస్ మ్యాచ్‌ని దృష్టిలో పెట్టుకుని ప్రధాన స్ట్రైకర్లు యార్క్, కోల్ జంటని పక్కనపెట్టాడు. గిగ్స్‌నీ బెంచీ మీదే ఉంచాడు. చావోరేవో మ్యాచ్‌లో ఇదేం తెగింపు!

ఆట అదనపు సమయానికి వెళ్లింది. కెప్టెన్ కీన్‌కి రెడ్ కార్డ్. 109వ నిమిషం. అందరి కాళ్లూ బరువెక్కాయి... గంట ఆట తర్వాత దిగిన గిగ్స్‌వి తప్ప. సొంత సగంలో దొరికిన బంతిని తీసుకుని ఆర్సెనల్ డిఫెండర్లని ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వెళ్లి గోల్ కొట్టాడు. అదే తొలి నిమిషం నుంచీ ఆడి ఉంటే ఆ పరుగు సాధ్యమయ్యేదా?

మూడు రోజులకి షెఫీల్డ్ వెడ్నెస్‌డేపై 3-0. ఇంకో నాలుగు రోజులకి ట్యూరిన్‌లో యువెంటస్‌పై మొదట 0-2తో వెనకబడి 3-2తో గెలుపు. గోల్స్‌లో ఒకటి యార్క్‌ది, ఒకటి కోల్‌ది. ఆ సీజన్‌లో 63 మ్యాచ్‌లాడిన యునైటెడ్ మూడు కప్పులూ గెలిచింది. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో బయెర్న్‌పై ఆఖరి ఘడియల్లో వచ్చిన రెండు గోల్స్ కూడా బెంచీ మీంచి లేచొచ్చిన షెరింగామ్, సోల్‌షేర్‌లవే.

జిదాన్ రెండు జట్లు

ఇక 2017 వసంతం. రియల్ మాడ్రిడ్ కోచ్ కుర్చీలో జిదాన్. ముందు వరసలో పోర్చుగల్ వీరుడు క్రిస్టియానో రొనాల్డో. వయసు 32. ప్రతి మ్యాచూ ఆడాలి, ప్రతి గోలూ తనే కొట్టాలి అనుకునే రకం. అలాంటివాడికి 'ఈవారం ఇంట్లో ఉండు' అని చెప్పడానికి ధైర్యం చాలదు. చెప్పే మనిషికి ఒకప్పుడు అంతటి ఆటగాడిగా పేరుండాలి. జిదాన్‌కి ఉంది.

ఏప్రిల్ 5న లెగనెస్‌తో మ్యాచ్‌కి రొనాల్డో, బేల్, బెంజెమా ముగ్గురూ తొలి పదకొండు మందిలో లేరు. మొరాటా మూడు, హామెస్ ఒకటి కొట్టి 4-2తో గెలిపించారు. 12న మ్యూనిక్‌లో బయెర్న్‌పై రొనాల్డో రెండు గోల్స్. 15న గిహోన్‌తో లీగ్ మ్యాచ్‌కి రొనాల్డో మళ్లీ సెలవు. ఆ మ్యాచ్ చూసినవాళ్ల గుండెలు జారిపోయాయి. రెండుసార్లు వెనకబడిన రియల్‌ని 90వ నిమిషంలో ఇస్కో గోల్ కొట్టి ఒడ్డున పడేశాడు. మూడు రోజులకి బయెర్న్‌పైనే రొనాల్డో హ్యాట్రిక్! 23న సొంతగడ్డపై బార్సిలోనా చేతిలో 3-2తో ఓడారు. ఇక లీగ్ చేజారిందనుకుంటుండగా, 26న మళ్లీ రొనాల్డోని ఆపి రెండో వరసతోనే దిగి డిపోర్టివోపై 6-2తో గెలిచారు.

మొత్తమ్మీద రొనాల్డో లీగ్‌లో 38కి 29 మ్యాచ్‌లే ఆడాడు. కానీ ఛాంపియన్స్ లీగ్‌లో క్వార్టర్‌ఫైనల్ నుంచి ఫైనల్ దాకా అయిదు మ్యాచ్‌ల్లో పది గోల్స్ కొట్టాడు. 2004లో జారిపోయిన లీగ్, ఛాంపియన్స్ లీగ్... రెండూ ఈసారి చేజిక్కాయి. లీగ్‌లో బార్సిలోనా కన్నా ఎక్కువ వచ్చినవి మూడే పాయింట్లు. గిహోన్‌లో ఇస్కో కొట్టిన ఆ ఒక్క గోల్ విలువే రెండు పాయింట్లు మరి.

బెంచీ మీద కూర్చున్నవాడి మాటేమిటి?

రొటేషన్‌కి ఎవరూ పెద్దగా చెప్పుకోని ఖరీదొకటుంది. బెంచీలో ఉన్నవాడు కూడా వేరే ఏ జట్టులోనైనా తారే. మంగళవారం పెద్ద మ్యాచ్‌కి తనని పక్కనపెడతారని తెలిసీ శనివారం చెమటోడ్చాలి. ఒక ఏడాది ఓర్చుకుంటాడు. రెండో ఏడాది? ఆ వేసవిలోనే మొరాటా చెల్సీకి, హామెస్ బయెర్న్‌కి వెళ్లిపోయారు.

ఫలితం వెంటనే కనిపించింది. 2018 జనవరి 24న కోపా క్వార్టర్‌ఫైనల్ రెండో అంచె. ప్రత్యర్థి మళ్లీ ఆ లెగనెసే. మొదటి అంచె 1-0తో గెలిచారు కదా అని జిదాన్ రొనాల్డోకి అలవాటుగా సెలవిచ్చాడు. సొంత మైదానంలో 2-1తో ఓడి రియల్ కప్పు నుంచి బయటికొచ్చింది. లీగ్‌లో బార్సిలోనాకి 17 పాయింట్లు వెనకబడి మూడో స్థానం. ఛాంపియన్స్ లీగ్ మాత్రం గెలిచింది. పద్ధతీ అదే, కోచూ అతడే. దిగే మనుషులే మారారు.

జిదాన్ రెండోసారి రియల్ కోచ్‌గా వచ్చాక 2019లో ఫిట్‌నెస్ బాధ్యతలు ఎవరికిచ్చారో తెలుసా? వారానికి రెండు మ్యాచ్‌ల గాయాల లెక్క తేల్చిన గ్రెగరీ డ్యూపాంట్‌కే! కరోనా విరామం తర్వాత 2020 జూన్, జులైల్లో అయిదు వారాల్లో 11 మ్యాచ్‌లాడాల్సొచ్చినప్పుడు రియల్ వరసగా పది గెలిచి లీగ్ ఎగరేసుకుపోయింది. ఆ సీజన్ లీగ్‌లో ఆ జట్టు తరఫున గోల్ కొట్టినవాళ్లు 21 మంది.

ఆపడానికి వీల్లేనివాడు

కొందరిని మార్చడానికి రెండోవాడే ఉండడు. మాంచెస్టర్ సిటీకి రోడ్రి అలాంటివాడు. మైదానం మధ్యలో నిలబడి ఆటని నడిపించే స్పెయిన్ మిడ్‌ఫీల్డర్. 2023-24లో సిటీ లీగ్‌లో మూడే మ్యాచ్‌లు ఓడింది. మూడింట్లోనూ రోడ్రి లేడు! అందుకే కోచ్ గ్వార్డియోలా అతణ్ని ఆపడానికి జంకేవాడు. క్లబ్‌కీ దేశానికీ కలిపి ఆ ఏడాది అరవైకి పైగా మ్యాచ్‌లాడిన రోడ్రి 2024 జులైలో యూరో కప్ ఫైనల్ మధ్యలోనే గాయంతో బయటికొచ్చాడు.

ఆ సెప్టెంబరు 17న విలేకర్లు మ్యాచ్‌ల భారం గురించి అడిగారు. ఆటగాళ్లు సమ్మెకి దగ్గర్లోనే ఉన్నారన్నాడు రోడ్రి. ఛాంపియన్స్ లీగ్‌ని పెంచేశారు. వేసవిలో 32 జట్లతో క్లబ్ ప్రపంచకప్ కూడా పెట్టారు. సరిగ్గా అయిదు రోజులకి, 22న, ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో అతడి మోకాలి స్నాయువు తెగింది. అది నేరుగా అలసట వల్లే జరిగిందని ఎవరూ నిరూపించలేరు. కానీ ఆ తర్వాత జరిగింది పట్టికలో ఉంది. అక్టోబరు చివరి నుంచి సిటీ వరసగా అయిదు మ్యాచ్‌లు ఓడింది. వరసగా నాలుగేళ్లు లీగ్ గెలిచిన జట్టు మూడో స్థానానికి దిగింది.

ప్రపంచ అత్యుత్తమ ఆటగాడికిచ్చే బాలన్‌డోర్ అవార్డుని ఆ అక్టోబరులో రోడ్రి ఊతకర్రలతో వచ్చి అందుకున్నాడు. 2025 మే 20న బోర్న్‌మత్‌తో మ్యాచ్ ఆఖర్లో మళ్లీ మైదానంలో అడుగుపెట్టాడు. నెల తిరక్కుండానే క్లబ్ ప్రపంచకప్ కోసం సిటీ జట్టు అమెరికా వెళ్లింది.